అడ్డగీత

సువాల్కి చలికి తలుపు గడియ కూడా కరుస్తుంది.
నేను బడి కింది అంతస్తులో కోట్ల కాపలాదాన్ని:
మూడొందల పన్నెండు కొక్కేలు, అన్నే రేకు బిళ్ళలు,
కరిగిన మంచు తుడవడానికి ఒక గుడ్డ.

మంగళవారం మూడో పీరియడ్ మతం.
పైన ఇరవై ఏడు గొంతులు ఒకే వాక్యాన్ని దంచుతుంటాయి.
ఇరవై ఎనిమిదోది మెట్లు దిగి నా దగ్గరికొస్తుంది.
పేరు యగోదా.
వాళ్ళ నాన్న కాయితం మీద సంతకం పెట్టలేదు, అంతే.
ఆ పిల్లకి దేవుడితో కోపమూ లేదు, పరిచయమూ లేదు.

మార్కుల పట్టీలో లెక్కలకు ఐదు, పోలిష్‌కు నాలుగు,
మతం అన్నచోట ఒక అడ్డగీత,
తలుపుకి అడ్డుకర్ర వేసినట్టు.
"సున్నా కాదు కదా?" అని అడిగింది.
కాదమ్మా, అన్నాను.
సున్నాకైనా ఒక పొట్ట ఉంటుంది,
ఆ మాట నోటిదాకా వస్తే మింగేశాను.

నేనేం దేవుణ్ణి వదిలేసినదాన్ని కాను.
ఆదివారం మూడో బల్ల చివర నాదే.
మా చిన్నప్పుడు బళ్ళో ఆయన పేరెత్తితే
హెడ్మాస్టరు కిటికీ వైపు చూసేవాడు.
పొద్దుగూకాక మోకాటి లోతు మంచులో
చర్చి వెనక గదికి నడిచేవాళ్ళం
నేనూ మా అక్క గెనోవెఫా,
ఒకే జత చేతి తొడుగులు, చెరొకటి.
అక్కడ మార్కుల్లేవు. పొయ్యి ఉండేది.
ఫాదరు బంగాళాదుంపలు కాల్చి పెట్టేవాడు.
ఏం నేర్చుకున్నానో గుర్తులేదు,
ఆ నడక మాత్రం ఇంకా కాళ్ళల్లో ఉంది.

తర్వాత ఆయనకు టైం టేబుల్లో గడి దొరికింది,
జీవశాస్త్రానికీ డ్రిల్లుకీ మధ్య.
ఆ ఏడు గెలిచామనే అనుకున్నాను, కొవ్వొత్తి కూడా వెలిగించాను.
మా మనవడికి మతంలో ఆరు. అంతకన్నా పై మార్కు లేదు.
చర్చిలో ఫోను చూసుకుంటాడు.

తప్పెవరిదని నన్నడక్కండి, నాకు కొక్కేలే తెలుసు.
కోటు ముట్టుకుంటే తెలిసేది తడో పొడో,
జేబులో మర్చిపోయిన ఆపిల్ ముక్కో.

మొన్న మంగళవారం
నలభై మూడో నెంబరు కోటు మాటిమాటికీ జారిపడుతోంది,
మెడ దగ్గర తగిలించే పట్టీ తెగి.
యగోదా నా సూది అడిగింది.
దారం ఎక్కక ఐదుసార్లు నోట తడిపింది.
వంకర కుట్టే గానీ
ఎద్దుని కట్టినా ఆగుతుంది.

గంట కొట్టారు. మెట్ల మీద వరద.
"కింద కూచుని ఏం చేశావే?" అన్నాడెవడో.
"ఏం లేదు" అంది.

నలభై మూడో వాడు కోటు లాక్కుని
ఒక చెయ్యే దూర్చి మంచులోకి పరిగెత్తాడు.
తలుపు వెయ్యలేదు.
అది ఏ పీరియడ్‌లోనూ చెప్పరు కాబోలు.