పులి బొమ్మ సీసా

ఎల్ ఆల్టోలో గాలి పలచన.
కొండెక్కి వచ్చిన ఇంజిన్‌కి కూడా
రొప్పు తగ్గటానికి కాసేపు పడుతుంది.
మా షెడ్డుకి తలుపు లేదు, టార్పాలిన్ ఉంది.
జూన్ చలికి అట్టకట్టిన ఆ టార్పాలిన్ ఎత్తి
సతుర్నీనా లోపలికొచ్చింది,
బోర్ గేజ్‌ని శాలువాలో చుట్టుకుని,
పసిబిడ్డని తెచ్చినట్టు.

రెండు లారీలు, గుండెలు విప్పుకుని.
ఒకే ఏడాదివి, ఒకే వెలిసిన నీలం.
ఒకటి ఎర్మోహెనెస్‌ది,
రెండోది అతని బావమరిది ఫ్లోరెన్సియోది.
మూడేళ్ళ కిందట ఏదో పెళ్ళిలో
మూడో బీరు దగ్గర పందెం వేసుకున్నారు.
ఓడినవాడు గొర్రెని కొయ్యాలి.

ఎర్మోహెనెస్ ఆయిలు మార్చిన ప్రతిసారీ
ఒక చిన్న సీసా కలిపేవాడు.
లేబుల్ మీద దూకుతున్న పులి,
దాని కాళ్ళ కింద చీమతలకాయలంత అక్షరాలు:
అరుగుదల సగానికి సగం తగ్గును.
చదువొచ్చినవాళ్ళకి అది మాట ఇవ్వటం,
రానివాళ్ళకి పులి చాలు.

ఫ్లోరెన్సియో ఇంజిన్లో ఏమీ కలపలేదు.
నెలలో మొదటి శుక్రవారం
ముందు చక్రం పక్కన నేల మీద
నాలుగు చుక్కల సారాయి పోసేవాడు,
నేలతల్లి తాగాక తను తాగేవాడు.
"నువ్వు ఇంజిన్‌కి పొయ్యి, నేను దారికి పోస్తా"
అనేవాడు.

ఉయూని నుంచి ఉప్పు, వెళ్ళేటప్పుడు సిమెంటు.
మూడేళ్ళు ఒకరి దుమ్ము ఒకరు తిన్నారు.

సతుర్నీనా కొలుస్తోంది.
ఒక్కో సిలిండర్‌కి మూడు చోట్ల, రెండు దిక్కుల.
అంకె చెప్పేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది,
ముల్లు కదులుతుందని.
నేను పక్కన లెక్కల పుస్తకంతో,
వేళ్ళు కొయ్యబారి,
అంకె వెనక అంకె.
బావమరుదులిద్దరూ కోకా ఆకులు నములుతూ
పరీక్ష ఫలితాల రోజున అయ్యలు నిలబడ్డట్టు
గోడవారన.

అయిదు సిలిండర్లలో తేడా
వెంట్రుకని నిలువునా పదిగా చీలిస్తే ఒక పాయ.
"ఇది నా అరచేతి వేడికి కూడా వస్తుంది" అంది.
ఆరోదాంట్లో మాత్రం ఒక లారీ ఎక్కువ అరిగింది.
ఆమె గేజ్ కింద పెట్టి
గాలి గొట్టం తడిమింది.
పగులు. పాత తీగతో కట్టిన కట్టు.
వేలు పెట్టి చూపించింది:
ఎర్రమట్టి, మెత్తగా, విబూదిలా.

"మరి గొర్రె ఎవరిది?" అన్నాడు ఫ్లోరెన్సియో.

ఆమె చేతులు తుడుచుకుంది.
"మీరిద్దరూ పోసిన ఆయిలు ఉత్త ఆయిలనుకున్నారా?
డబ్బాలో నింపేటప్పుడే జింకు కలిపారు,
మసిని తేల్చే మందు కలిపారు.
చైరోలో ఉప్పు వంటింట్లోనే పడింది.
రుచి చూడకుండా మళ్ళీ చల్లుకునేది మనం.
ఒక్కోసారి ఏమీ కాదు,
ఒక్కోసారి కూర చెడుతుంది."

"అంటే సీసా దండగ?"

"అనలేదు. రెండు లారీలతో తేలదు.
ఇరవై తీసుకురా, ఒకే దారి, ఒకే బరువు,
ఎందులో పోశారో డ్రైవర్‌కి తెలియకూడదు,
కొలిచే నాకూ తెలియకూడదు.
అప్పుడడుగు."

ఇరవై లారీలు ఎవరిస్తారు?
నవ్వాల్సినవాళ్ళు నవ్వలేదు.
చెరిసగం డబ్బేసి గొర్రెని కోశారు,
సతుర్నీనాకి తొడ మాంసం పంపారు.

తర్వాతి నెల చూశాను:
ఎర్మోహెనెస్ పులిని వంచి పోస్తూ
చివరి చుక్క నేల మీద రాల్చాడు.
ఫ్లోరెన్సియో గాలి గొట్టం కొత్తది కొన్నాడు,
అతని సీటు కింద
పులి మూత ఒకటి దొరికింది, నేనడగలేదు.

ఆ లెక్కల పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే.
ఆరో సిలిండర్ వరసలో
నా బొటనవేలి గ్రీజు ముద్ర.
దాని కింద ఉన్నది మూడో, ఎనిమిదో.
పగిలిన గొట్టం ఎవరి లారీదో
రాయటం మరిచాను.
ఆ లైనర్లు ఆ సాయంత్రమే
పాత ఇనుము వాడి బండెక్కాయి.

ఎవరైనా అడిగితే
పుస్తకం తెరుస్తాను,
ముద్ర మీద వేలు పెట్టి చూసుకుంటాను.
ఇంకా సరిపోతోంది.