గరుకు కాగితం

నిన్న సాయంత్రం ఆరిన పేరు
ఇవాళ పొద్దున గాయాలతో కనిపించింది.
పడవ పక్క చెక్క మీద
పసుప్పచ్చగా నేను రాసిన "బిరామ్" మీద
మేకు మొనతో అడ్డంగా, నిలువుగా, మళ్ళీ అడ్డంగా.
చుట్టూ ఉన్న ఎర్రపూల తీగని మాత్రం
ముట్టుకోలేదు ఆ మేకు.
ఒక్క రేకు కూడా చెదరలేదు.
కోపానికి ఇంత పొందిక ఉంటుందా అనుకున్నాను.

నలభై ఏళ్లుగా ఈ సెనెగల్ తీరాన,
సెయింట్ లూయీ ఇసుకలో గొంతుకూర్చుని
పడవలకి పేర్లు రాస్తున్నవాణ్ణి.
ఉప్పు తినేసిన పేర్లు చూశాను,
అలలు మోసుకుపోయి తిరిగివ్వని పేర్లు చూశాను.
ఇలా చెరిగిన పేరు ఇదే మొదలు.

చేపల బుట్టల వెనక సోఖ్నా.
తొమ్మిదేళ్లుంటాయేమో.
గోళ్ల కింద పసుపు రంగు.
నన్ను చూడకుండా నన్నే చూస్తోంది.

వాళ్ల నాన్నని పిలవలేదు.
ఎవరే ఈ పని చేసింది అని అరవలేదు,
ఆ ప్రశ్నకి పిల్లలు ఎప్పుడూ అబద్ధమే చెబుతారు.
బొగ్గుల మీద టీ పెట్టాను.
మొదటి గ్లాసు చేదు. అది నాకు.
రెండోదీ నాకే.
మూడో గ్లాసు, తీపిది, పిల్లలకిచ్చేది,
దాని వాసనకి వచ్చి కూర్చుంది.

సగం తాగాక అంది:
"వడ్రంగికి నీళ్లు మోసింది నేను.
మేకులు లెక్కపెట్టి అందించింది నేను.
తారు వాసనకి వాంతి చేసుకుని కూడా
పలక పట్టుకుని నిలబడింది నేను.
వాడు పుట్టాడు. అంతే.
పుట్టి, నిద్రపోయాడు.
పడవ వాడిదైపోయింది."

నా నాలుక చివరికి వచ్చినవన్నీ పాత మాటలే:
పెద్దదానివి కదా, తమ్ముడు కదా,
మంచి పిల్లలు కుళ్ళుకోరు కదా.
చిన్నప్పుడు నాకూ ఇవే తినిపించారు.
ఒక్కటీ అరగలేదు.
వాటిని మింగేసి అన్నాను,
"నిజమే. అది అన్యాయమే."

చెంపదెబ్బకి సిద్ధంగా ఉన్న మొహం
ఏం చెయ్యాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయింది.
తర్వాత ఏడ్చింది.
ముక్కు చీదుకోడానికి నా రంగుగుడ్డే దొరికింది,
కాసేపు ముక్కు నీలంగా తిరిగింది.

చెప్పాను.
మా అన్నకి మా నాన్న పడవ వచ్చింది,
నాకు బ్రష్ వచ్చింది.
ఇప్పటికీ కొన్ని మధ్యాహ్నాలు
నిండుగా తిరిగొచ్చే పడవ చూస్తే
ఇదిగో, ఇక్కడ, కడుపులో రాజుకుంటుంది.
"ఆరిపోదా?" అంది.
ఆరదు.
దాని మీద ఏం వండుకోవాలో నేర్చుకోవాలి.
ఈ మాట అర్థమైనట్టు లేదు.
నాకూ యాభై దాటాకే అర్థమైంది.

అప్పుడు గరుకు కాగితం చేతికిచ్చాను.
గీత మీద నేరుగా రంగేస్తే నిలవదు,
లోపల పట్టిన నీరు చెక్కని కుళ్ళబెడుతుంది.
ముందు రుద్దాలి, చెయ్యి నొప్పెట్టేదాకా,
గీత ఎక్కడుందో వేలికి తెలియనంత వరకూ.
రుద్దింది.
తమ్ముడి పేరంతా తన చేత్తోనే పొడి చేసింది,
ఈసారి ఎవరికీ భయపడకుండా.

"నా పేరు రాస్తావా?"
పడవ మీ నాన్నది. నాకు హక్కు లేదు.
వెళ్లి అడుగు.
మేకుతో కాదు, నోటితో.

వెళ్లింది. వచ్చింది.
ఆయన నవ్వాడట. వచ్చే పడవకి చూద్దామన్నాడట.
వచ్చే పడవ అంటే ఎన్నేళ్లో ఇద్దరికీ తెలుసు.
ఏమనాలో నాకు తోచలేదు.
బ్రష్ ఇచ్చాను.
బి అక్షరం తనే దిద్దింది, కొంచెం వంకర.
దిద్దలేదు నేను.

పడవని నీళ్లలోకి తోసిన రోజు
ఊరంతా భుజాలు కలిపింది.
సోఖ్నా చంకలో బిరామ్.
నోట్లో పిడికిలి పెట్టుకుని
తన పేరు దూరమవడం చూస్తున్నాడు.
అక్క వాడి తొడ మీద గిల్లింది.
గట్టిగా కాదు. వాడు ఏడవలేదు కూడా.
ఆపైన అదే చోట అరచేత్తో రుద్దింది.

నేను చూశాను.
చూడనట్టు బ్రష్షులు కడుక్కున్నాను.