పెద్ద పూస

రేగుపండంత పూస ఎవరైనా చేస్తారు, అంటుంది ద్రహొమీరా.
కోడిగుడ్డంత పూసకు
ఒక మధ్యాహ్నం మొత్తం కావాలి,
ఎవరూ పిలవని మధ్యాహ్నం.

యిజెరా కొండల మీద మంచు ఇంకా కరగలేదు.
ఒకప్పుడు మేకల్ని కట్టేసిన కొట్టంలో
టార్చి ముందు నేను,
నా వెనక స్టూలు మీద ఆవిడ.
చేతులు వణుకుతున్నాయని నిరుడు పని మానేసింది.
నోరు మాత్రం మానలేదు.

"పూత ఆరిందా చూడు. తడి మిగిలితే
పూస ఉక్కు కడ్డీని వదలదు,
మా ఆయన సారాని వదలనట్టు."

గాజుకోలను మంటకు మెల్లగా అలవాటు చెయ్యాలి,
కొత్త చోటికొచ్చిన పిల్లిని చేసినట్టు.
తొందరపెడితే టప్పున చిట్లి
ఒక ముక్క వచ్చి మెడ మీద వాలుతుంది.
నాకు రెండు మచ్చలు. ఆవిడవి ఆవిడే లెక్కపెట్టుకోలేదు.

మంటలో నీలం నీలంగా ఉండదు.
కొస ఎర్రబడి, తీగపాకమై,
జారబోతుండగా కడ్డీకి అందించాను.
ఒక చుట్టు. చుట్టు మీద చుట్టు.

"తిప్పు."

తిప్పుతూనే ఉన్నాను.
ఆపితే భూమి తన వాటా అడుగుతుంది,
ఒకవైపు పొట్ట జారుతుంది.
"పైపైన కాల్చకు.
లోపల చల్లబడితే ఇప్పుడేమీ అనదు.
రేపు పొద్దున అంటుంది."

ఊదారంగు కళ్ళద్దాలు
గాజు మీంచి లేచే పసుపు వెలుగును మింగేస్తాయి.
వాటిలోంచి చూస్తే
గాజు తనకేదో గుర్తొచ్చి కరుగుతున్నట్టుంటుంది.

నిమ్మకాయంత అయ్యాక ఫోను మోగింది.
ఆవిడ ఎత్తింది. విన్నది.
"ఊఁ" అంది. చాలాసేపటికి ఇంకో "ఊఁ".
"ఎవరు?"
"తిప్పు."

కోడిగుడ్డంత అయ్యింది.
మణికట్టు నాది కాకుండా పోయింది.
ఎరుపు తగ్గేదాకా మంట చివర ఆడించి
కరెంటు కొలిమిలో పెట్టి తలుపు మూశాక,
అద్దాలు తీసి నేను మొహం తుడుచుకున్నాక, అప్పుడు చెప్పింది:
యబ్లొనెత్స్ దుకాణం వాడు.
అరవై పూసలూ వద్దట.
అచ్చులో నొక్కినవి సగం ధరకు దొరికాయట.

"అప్పుడే చెప్పొచ్చుగా!"
"అప్పుడు నీ చేతిలో పూస ఉంది."

రాత్రంతా కొలిమి తనలో తాను చల్లారింది.
పొద్దున కడ్డీని మెలిపెట్టి లాగితే వదిలేసింది.
"మా ఆయన కంటే నయం" అంది.
తొలిచిన కన్నంలోంచి తెల్లటి మట్టినీళ్ళు
సింకులోకి పోయాయి.

కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుంది,
వణికే చేతుల్లో
నీలం గోడ మీదంతా కదిలింది.
పగులు లేదు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకుని
ఇంకా వెతికింది.

"ఇదిగో."
నీలం లోతున ఆవగింజంత బుడగ.
"ఇక్కడ ఫోను మోగింది."

పూసను ఏప్రన్ జేబులో వేసుకుని
గ్యాసు తిప్పమంది.