మొహం తిప్పుకున్న కుక్క

బయలుదేరేముందు
పిల్లి పడుకునే గుడ్డ మడిచి సంచిలో పెట్టాను.
కుందేలు బొచ్చు కూడా అంటుకుని ఉంది దానికి.
"అదెందుకమ్మా?" అంది రయేన్.
ఇంటి పెద్దని అడక్కుండా ఎవర్నైనా తెస్తామా అన్నాను.
పెద్దావిడకి పదమూడేళ్ళు, ఒంటికన్ను,
పేరు సెనీసా, అంటే బూడిద.

పుంటా అరేనాస్‌లో ఆ రోజు గాలి
మనుషుల్ని పేరు పెట్టి పిలిచి మరీ తోసేస్తోంది.
వీధి మూలల్లో కట్టిన తాళ్ళు పట్టుకుని నడిచాం ముగ్గురం.
చిన్నాడు ఫకుండో జేబునిండా ఎండురొట్టె,
"ఉత్తచేతుల్తో వెళ్ళకూడదు కదా."

మొదటి గదిలో పిల్లకుక్క.
తెల్లటి బొజ్జ, దూదిపింజల్లాంటి చెవులు.
పిల్లలిద్దరూ అక్కడికక్కడే పడిపోయారు.
నేనూ పడ్డాను, అబద్ధమెందుకు.
గుడ్డ చూపించాను.
లాక్కునేలోపు ఒక అంచంతా పీలికలు.

రెండోది రాజసం.
నల్లటి వీపు, నిక్కపొడిచిన చెవులు,
చెప్పింది చెప్పినట్టు వినే చదువు.
గుడ్డ వాసన తగలగానే తోక ఆగిపోయింది,
ఒళ్ళు బిగిసింది,
చూపు ఒకేచోట మేకు దిగినట్టు.
మా కుందేలు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో
నా అరచేతికి గుర్తొచ్చింది.

షెల్టర్ నడిపే దోన్యా ఎదెల్మీరా
నా పిల్లల్ని ఎగాదిగా చూసింది.
"వీడు పరిగెత్తే రకం. ఈమె నిలబడి చూసే రకం.
తింటున్నవాళ్ళ మీద చేతులేస్తారా?
నిద్రపోయేవాళ్ళని లేపుతారా?"
కుక్కల గురించి నేనడగాల్సినవన్నీ
పిల్లల గురించి ఆవిడే అడిగింది.
నిజమే చెప్పాను, కాస్త సిగ్గుపడుతూ.

చివరి గదిలో
గొర్రెల మంద నుంచి రిటైరైన కుక్క.
తొమ్మిదేళ్ళు, ఎడమ తుంటి పట్టేసింది,
ఒక చెవికి ముళ్ళకంచె చేసిన చిల్లు.
ఏ క్యాలెండర్ మీదా వెయ్యరు దీని బొమ్మ.
గుడ్డ కింద పరిచాను.
తీరిగ్గా వాసన చూసింది, ఉత్తరం చదువుకున్నట్టు,
ఒకసారి మూతి నాక్కుని
మొహం పక్కకి తిప్పుకుంది.

"దీనికి నచ్చలేదు," అన్నాడు ఫకుండో.
"కాదురా," అంది ఎదెల్మీరా,
"నాతో నీకు గొడవ రాదులే అంటోంది.
కొందరు మనుషులకి కాటికి వెళ్ళేదాకా రాదు ఈ మాట."

రయేన్ ఏడ్చింది.
ఆ మెత్తటి చెవుల కోసం దారి పొడుగునా ఏడ్చింది,
గాలి కన్నీళ్ళని అడ్డంగా లాక్కెళుతుంటే.
నేను ఓదార్చలేదు. ఓదార్చడానికి నోరు తెరిస్తే
వెనక్కి వెళ్దామని అనేస్తానేమో.

గుమ్మంలో సెనీసా వీపు విల్లులా వంచి
ఒంటికన్నుతోనే రెండు కళ్ళ కోపం చూపించింది.
కుక్క గడప దాటలేదు.
బయట గాలిలో కూర్చుంది,
నలభై నిమిషాలు.
సూప్ చల్లారింది.
తెరిచిన తలుపు ముందు పొయ్యి వెలవెలబోయింది.
ఆఖరికి పిల్లి విసుగెత్తి
తోక నిలబెట్టుకుని వంటింట్లోకి పోయింది.
అది అనుమతి అని
మాకంటే ముందు కుక్కకే అర్థమైంది.

వారం గడిచింది. స్నేహమని అనను.
పిల్లికి బల్ల పైన, కుక్కకి బల్ల కింద,
కుందేలుకి తలుపున్న గది.
నమ్మకం నమ్మకమే, గొళ్ళెం గొళ్ళెమే.

రాత్రి దీపాలార్పాక గోళ్ళ చప్పుడు,
మూడు కాళ్ళు గట్టిగా, ఒకటి మెల్లగా.
రయేన్ మంచం దగ్గర ఆగుతుంది,
ఫకుండో మంచం దగ్గర,
గొళ్ళెం వేసిన తలుపు సందులో ఒకసారి ముక్కు,
బల్ల మీదికి ఓ చూపు, వెంటనే మొహం అటు.
తర్వాత నా దగ్గరికి.
మందని లెక్కపెట్టిన అన్నేళ్ళూ
కాళ్ళలోంచి ఎక్కడికి పోతాయి?

అయినా పడుకోదు.
వీధి తలుపు దగ్గరికెళ్ళి
మిర్కో బూట్ల పక్కన చేరుతుంది.
అతను పీతల పడవెక్కి ఇరవై రోజులు,
దీన్ని చూడనే లేదు.
లెక్కలో ఒకరు తక్కువున్నారని దీనికెవరు చెప్పారు?
"అదేం కాదమ్మా," అంటుంది రయేన్,
"బూట్లకి చేపల వాసన. అంతే."

అయ్యుండొచ్చు.
కానీ ఇవాళ చీకట్లో
దుప్పటి ఈడ్చుకుంటూ వెళ్ళిన పిల్ల
ఆ చిల్లు చెవిలో ఏదో చెప్తోంది.
నేను వినలేదు.
మొహం తిప్పుకున్నాను.