సందు

పెంచలయ్య పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.
నాలుగు సీజన్లు అతనికి ముందు నిలబడ్డవాణ్ణి,
కుడి పక్క గార్డుని,
నూట పద్దెనిమిది కిలోల తలుపుని.
తలుపుకి వీపున కళ్ళుండవు.

బంతి కదలగానే ఎదుటివాడి రొమ్ములోకి దూరి
వాణ్ణొక మూరెడు పక్కకి జరపాలి. అదే నా ఉద్యోగం.
ఆ మూరెడులోంచి అతను వెళ్ళిపోయేవాడు.
మోచేతికి గాలి తగిలేది, నీలగిరి తైలం వాసనతో.
గట్టు మీది రెండొందల మందీ అరిస్తే
దాటాడన్నమాట.
అరవకపోతే, నా మడమల మీద పడి ఉన్నాడన్నమాట.

పేపర్లో ఒక్కసారి వేశారు, లోపలి పేజీలో,
ఇనప కాళ్ళ కుర్రాడని.
కాళ్ళది ఏముంది?
పులియంతోపులో ఆ నీళ్ళకరువు ఎండాకాలం
లారీ చుట్టూ నలభై మంది ఆడవాళ్ళు,
వాళ్ళ మధ్య పదకొండేళ్ళవాడు,
సంకలో పచ్చ ప్లాస్టిక్ బిందె.
ఎవరి మోచెయ్యి ఎప్పుడు లేస్తుందో కనిపెట్టి
సందు పుట్టక ముందే సందులో ఉండేవాడట.
"తొణికితే మాయమ్మ కొట్టేదిన్నా.
బంతి నయం, తొణకదు."
నాలుగేళ్ళలో రెండే రెండుసార్లు జారవిడిచాడు.

కోచ్ డెంజిల్, పెరంబూరు వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా చేసినాయన,
తమిళంలో తిట్టేవాడు, ఇంగ్లీషులో మెచ్చుకునేవాడు.
మేమిద్దరం తెలుగులో గుసగుసలాడుకునేవాళ్ళం:
"ఎడంగా తెరుస్తా, కాచుకో."
మదురై జట్టు మీద పనిచేసేది.
మా ఊళ్ళోని రెండో జట్టు మీద చేసేది కాదు,
వాళ్ళలో ముగ్గురు మా వీధివాళ్ళే.

నెలకి పద్దెనిమిది వేలు, రోజుకి రెండు గుడ్లు.
మూడో ఏడు గుడ్లు ఆగిపోయాయి.
మొదటేడు బంతి పట్టిన ప్రతిసారీ అయిదు గజాలు,
తర్వాత నాలుగు,
తర్వాత లెక్కలు రాసే కుర్రాడు మానేశాడు.
నాకు లెక్కలెందుకు?
మోచేతికి గాలి ఆలస్యంగా తగులుతోంది.
తెరిచిన సందు మూసుకునేలోగా అతను రావడం లేదు.
అందుకని ఎదుటివాడి చొక్కా గుప్పిట బిగించి
ఇంకో రెప్పపాటు ఆపేవాణ్ణి.
విజిల్. పసుపు గుడ్డ. పది గజాలు వెనక్కి.
డెంజిల్ నా ఏడు తరాలనీ తిట్టాడు.
పెంచలయ్య మాత్రం నా వైపు చూడకుండా
బూటు లేసు ఊడదీసి, మళ్ళీ కట్టుకున్నాడు.

దీపావళి వెళ్ళిన వారం, వాన.
మూడో ప్రయత్నం, రెండు గజాలు కావాలి.
నేను విన్నాను:
చెరుకుగడని తొడ మీద పెట్టి విరిచినట్టు.
మొదటిసారి వెనక్కి తిరిగాను.
ఎడం కాలు ఎటో ఉంది.
బంతి మాత్రం సంకలోనే ఉంది.
బురదలో వెల్లకిలా పడి, రెండు చేతులా అదిమి పట్టి,
"తొణకలేదు" అంటున్నాడు.

ఆ వేసవికి లీగే లేదు.
ఓనరు ఇచ్చిన ఆఖరి చెక్కు
ఇప్పటికీ మా బీరువాలో, రేషన్ కార్డు మడతలో.

మొన్న టోల్‌గేట్ మెట్రోలో కనిపించాడు.
నీలం యూనిఫాం, మెడలో విజిల్.
మనుషుల్ని పసుపు గీతకి ఇవతల ఆపే ఉద్యోగం.
"ఏందిన్నా, చిక్కినావే" అన్నాడు.
నేను చిక్కలేదు. అతనెప్పుడూ నన్ను వెనక నుంచే చూశాడు.

రైలొచ్చింది. సాయంత్రం గుంపు.
తలుపులు తెరుచుకోగానే, ఏమైందో,
నా భుజం దానంతటదే వంగింది.
ఇద్దరు ఆఫీసు కుర్రాళ్ళు పక్కకి జరిగారు.
మూరెడు సందు, శుభ్రంగా.

మోచేతిని అలాగే ఉంచాను కాసేపు.

"గీత దాటొద్దు సార్" అని
అతను ఎవరికో చెబుతున్నాడు,
బరువు కుడి కాలి మీదికి మార్చుకుంటూ.