చెవిపోగు

మలకొండయ్య తెచ్చి బిగించి పోయాడు,
స్టీరింగు కింద, మోకాలికి తగిలీ తగలనట్టు
అగ్గిపెట్టెంత నల్ల డబ్బా.
"మీరెట్టా తోల్తారో ఇది చూస్తుంటదమ్మా,
బాగా తోలితే ప్రీమియం తగ్గుద్ది."
ఎవరు చూడమన్నారని అడగబోయి ఆగాను.
పదకొండేళ్లుగా నేను చేసే పనీ అదే.

కందుకూరు పశువుల ఆసుపత్రిలో
లోను మీద కొన్న ప్రతి గేదె చెవికీ
పసుపు బిళ్ల గుచ్చింది ఈ చేతులే.
పన్నెండంకెలు, ఒక్క చుక్క నెత్తురు, తల ఒక్క విదిలింపు.
"పోగు లేకపోతే క్లెయిము లేదు పెద్దయ్యా"
అని ఎంతమందికి చెప్పానో,
చచ్చిన గొడ్డు చెవి కోసి సంచిలో తెచ్చినవాళ్లకి కూడా.

ఇప్పుడు నా పాత ఆల్టో చెవికి పోగు.

మొదటి నెల
పక్క సీట్లో నిండు పాలబిందె ఉన్నట్టు తోలాను.
పామూరు రోడ్డు గుంటల్లో రెండో గేరు.
ఫోను మోగితే చింతచెట్టు కింద ఆపి ఎత్తాను.
తొంభై ఒకటి, అంది డబ్బా.
ఎవరూ చూడకుండా మురిసిపోయాను, నిజం.
టెన్త్‌లో కూడా నాకంత రాలేదు.

రెండో నెల, ఉలవపాడు దాటాక
మామిడి తోటల మలుపులో
చీకట్లో ఒక చీకటి కదిలింది.
గేదె.
బ్రేకు మీద నిలబడ్డాను.
వెనక సీటు సిరంజీలు, గ్లౌజులు, సెలైను సీసా
అన్నీ ఎగిరొచ్చి నా మెడ మీద పడ్డాయి.
బంపరుకి జానెడు దూరంలో అది
నెమరు ఆపకుండా నన్ను చూసింది.
చెవికి పసుపు బిళ్ల.
వంకరగా ఉంది, నేను గుచ్చిందే అయ్యుంటుంది.

పొద్దున ఫోనులో: గట్టి బ్రేకు, ఒకటి. ఆరు మార్కులు కోత.
మా అటెండరు హజరత్తయ్య చాలాసేపు నవ్వి
"గొడ్డు బతికింది గదమ్మా, దానికెన్నేశారు?" అన్నాడు.
దానికి గడి లేదు.
ప్రాణం కాపాడిన తొక్కుడికీ, ఊరికే తొక్కినదానికీ
డబ్బాకి ఒకటే కుదుపు.

తప్పు పట్టను.
థర్మామీటరు నూట నాలుగని చెబుతుంది,
మిట్టమధ్యాహ్నం పలుకూరు నుంచి నడిపించుకొచ్చారని చెప్పదు.
అడగాలి.
అడిగే నోరు దానికెవరూ పెట్టలేదు.

లెక్కకొస్తే
ఏడాదికి నాకు మిగిలేది పదిహేను వందల చిల్లర.
పక్కింటి డ్రాయింగు మాస్టారికి నాలుగు వేలు.
ఆయన కారు ఆదివారం చర్చికి పోయి వస్తుంది,
మిగతా వారమంతా దాని మీద వడియాలు ఎండుతాయి.
ఆయనకి ఈ డబ్బా బంగారం.
నాకు రాత్రులున్నాయి.
పదకొండు దాటాక తిరిగే ప్రతి కిలోమీటరూ
దాని లెక్కలో ప్రమాదమే.
నా లెక్కలోనూ అంతే, కాకపోతే
దూడలు ఆఫీసు టైము చూసుకుని అడ్డం తిరగవు.

మొన్న ఒంటిగంటా నలభైకి జరుగుమల్లి నుంచి ఫోను.
ముందుకాళ్లు రావాల్సిన చోట తోక వచ్చిందట.
తాళం తిప్పాను. పచ్చ లైటు వెలిగింది.
"రాసుకో," అన్నాను దానితో, "అన్నీ రాసుకో."
డెబ్బై, ఎనభై,
ఒకచోట ఎనభై ఆరు.

తెల్లారి తిరిగొచ్చేటప్పుడు ముప్పై దాటలేదు.
భుజం దాకా వాసన, కళ్లల్లో ఇసుక,
పక్క సీట్లో వద్దన్నా పెట్టిన జున్నుపాల చెంబు.
రెండుసార్లు రెప్ప వాలి, ఉలిక్కిపడి లేచాను.
ఆ దారికి నూటికి నూరు వేసింది డబ్బా.

రెన్యూవలు కాగితం డాష్‌బోర్డు మీద పడేసి
మలకొండయ్య పోయి వారమైంది.
డబ్బా ఉంచాలా, తీసెయ్యాలా, ఒక టిక్కు పెట్టమన్నాడు.
ఒకటి ఒప్పుకోవాలి,
ఫోను ఇప్పటికీ ఆ చెట్టు కిందే ఎత్తుతున్నాను.
ఆ సంగతి అతనికి చెప్పలేదు.

గడి ఖాళీగానే ఉంది.
పక్కన మాత్రం జరుగుమల్లి గేదె పోగు నెంబరు,
చివరి నాలుగంకెలు,
ఆ రాత్రి చేతికి దొరికిన కాగితం అదొక్కటే.
కింద, రక్తం అంటిన వేలిముద్ర దాటాక,
తల్లి బాగుంది. పెయ్యదూడ.