చాపంత జాగ

ఊదా రంగు చాప.
చౌరస్తా దుకాణంల బేరమాడితే మూడొందల యాభైకిచ్చిండు.
డిపోల పదిహేడేండ్లు నిలబడ్డ నడుము
ఇగ నాతోటి గాదని మొండికేస్తే
ఎముకల డాక్టరు చెప్పిండు:
రోజు పొద్దుగాల జర ఒంగమని.

నాకు నవ్వొచ్చింది.
పరకాల బస్సుల ఒంగనిదెప్పుడు?
మిరప బస్తాల మీదికెల్లి, కోళ్ల గంపల మీదికెల్లి
సీట్ల కింద దొర్లిన రూపాయి బిళ్ల కోసం
ఒంగుడే గదా నా కొలువు.

ఐనా పరిచిన.
మట్టెవాడల కిరాయి అర్ర,
మంచానికీ బీరువాకూ నడుమ
సరిగ్గ చాపంత జాగ.
చెయ్యి చాపితే బియ్యం డబ్బ తగులుతది.
కాలు లేపితే గోడ మీది క్యాలెండరు.
మొదట్ల అడుగు వరుసల శనివారం కాడనే ఆగేది బొటనవేలు,
ఆర్నెల్లకు పైకెక్కి
నా డ్యూటీ చార్టుల ఎన్నడూ లేని
ఆదివారం ముట్టింది.

ఐదేండ్లకు
పాదాలు పెట్టే కాడ రెండు బొక్కలు.
అరచేతుల కాడ నున్నటి మెరుపు.
మున్సిపాలిటీ ఆటో పాట పెట్టుకుంట వచ్చింది,
తడి చెత్తా, పొడి చెత్తా అని.
ఐదేండ్ల చెమట తాగినదాన్ని
ఏ డబ్బల ఎయ్యాలె?
చుట్టి చంకల పెట్టుకొని మర్లొచ్చిన.

కత్తెర తీసుకున్న.
పచ్చడి నూరినప్పుడల్లా
గట్టు మీద ములుగు దాకా నడిచే మిక్సీ
కింద ఒక తునక ఎయ్యంగనే ఉన్నకాడ ఉన్నది.
కాలు గుంజే పట్టీ
తెగిన టికెట్ మిషన్‌కు తాడై నా భుజానికెక్కింది.
గాలికి కొట్టుకునే తలుపుకు అడ్డం
ఆ తేలికైన ఇటుక.
స్ప్రింగు తేలిన నా సీటు మీద ఇంకో తునక పరిస్తే
డ్రైవరు సదానందం అద్దంల చూసి,
"ఇన్నేండ్లకు నీ సీటు గూడ ఆసనమాయె" అన్నడు.

మరునాడు పొద్దుగాల
ఉత్త బండల మీద నిలబడ్డ.
చలి అరికాళ్లల్లకెల్లి మోకాళ్ల దాక ఎక్కింది.

కొత్తవాడల ఓదేలు తాత
గుంత మగ్గంల కాళ్లు దింపి కూసున్నడు.
నాకో చిన్న జంపఖానా గావాలె, యోగకు అన్న.
"యాభై ఏండ్ల సంది లేవకుంట కూసున్న,
నాదే ఆసనమో అడిగొచ్చి చెప్పు మీ డాక్టర్ను.
చేతులు చాపు."
చాపిన.
టేపు తియ్యలే, కండ్లతోటే మూరలేసుకున్నడు.
మిగిలిన పోగులు, ఎరుపు కొంత, నీలం కొంత,
ఒక మూలకు పసుపు అయిపోతే ఆకుపచ్చ.
పైసలు తక్కువ తీసుకుంటుంటే
ఊకోక, ఆయన కూసునే గుంత అంచుకు
ఊదా తునక ఒకటి పరిచొచ్చిన.
"మెత్తగనే ఉన్నది గని
నా నడుము నమ్మాలె గద" అన్నడు.

కొత్త జంపఖానా బండల మీద జారింది.
చేతులు ముందట, నేను ఎనుక,
బియ్యం డబ్బకు నెత్తి తాకింది.
మిగిలినయి రెండే తునకలు,
కొయ్యబుద్దిగాక దాసిపెట్టుకున్న పాదాల జాగలు.
సూది గుచ్చి జంపఖానా అడుగుకు కుట్టిన.
బొక్కల చుట్టున్న అంచులే
బండను గట్టిగ పట్టుకున్నయి.

ఇప్పుడు ఓదేలు తాత పోగుల మీద నేను,
నా కింద నా పాత అడుగులు.
అన్ని వొస్తున్నయి.
శవాసనం ఒక్కటే ఇంకా రాలే.
కండ్లు మూస్తె చాలు
ఎవరో ఎనుకకెల్లి "చిల్లర" అంటరు,
నోట్లె "రైట్ రైట్" అనొస్తది.
ఐదుంబావుకు మొదటి బస్సు.